కిరసనాయిలు బుడ్డి నుంచి గ్యాసుబండ దాకా: చమురు లాభాల చరిత్రలో వాడ ఎక్కడ?

పెట్రోలు రేటు పెరిగిన ప్రతిసారీ పేపర్లలో దాదాపు ఒకటే ఫోటో వస్తుంది. బంకు దగ్గర మోటారు సైకిళ్ళ వరస, మీటరు వంక గుర్రుగా చూస్తున్న మధ్యతరగతి మనిషి. కింద 'ప్రజల ఆగ్రహం' అని రాస్తారు. ఆగ్రహం నిజమే, కాదనటం లేదు. కానీ ఆ 'ప్రజలు' ఎవరన్నది ఎవరూ అడగరు. బండి ఉన్నవాడే ప్రజ అయినప్పుడు చమురు చరిత్ర కూడా బండితోనే మొదలవుతుంది. వాడలో నిలబడి చూస్తే ఆ చరిత్ర బండితో మొదలు కాదు, బుడ్డితో మొదలవుతుంది. పెట్రోలు అనే మాట మన ఇళ్ళలో వినపడటానికి చాలా ముందే చమురు కంపెనీ మన గుడిసెలోకి వచ్చి కూచుంది. సీసా మూతికి బెజ్జం పెట్టి, గుడ్డపేలిక వత్తి చేసి దోపిన కిరసనాయిలు బుడ్డి రూపంలో వచ్చింది. కంపెనీల లాభాల గురించి మాట్లాడేటప్పుడు ఈ బుడ్డిని పక్కన పెట్టటం వల్ల లెక్క సగమే తేలుతోంది.

కిరసనాయిలు రాకముందు వెలుగు కూడా కులం ప్రకారమే ఉండేది. ఆముదం దీపం వెలిగించాలంటే ఆముదాలు పండే చేను ఉండాలి, లేదా కొనగలగాలి. పెళ్ళి ఊరేగింపులో కాగడా పట్టటం చాకలి వెట్టి. వాడలో పొద్దు గూకితే పొయ్యి మంటే దీపం. ఆ పొయ్యి ఆరాక చీకటే. 19వ శతాబ్దం చివర్లో గ్యాసునూనె, సీమనూనె, మట్టినూనె అని రకరకాల పేర్లతో కిరసనాయిలు ఊళ్ళల్లోకి వచ్చినప్పుడు అది చవక కాబట్టి వాడకీ వచ్చింది. కూలికి గింజలు కొలిచే రోజుల్లో, ఆ గింజల్లోంచి గుప్పెడు కోమటి కొట్లో పోసి, దానికి సరిపడా నూనె సీసాలో పోయించుకునేవాళ్ళు. ఉప్పు, అగ్గిపెట్టె, కిరసనాయిలు. ప్రపంచ మార్కెట్ అనేది మన పెద్దవాళ్ళకి మొదట తెలిసింది ఈ మూడింట్లోనే.

ఆ గుప్పెడు గింజలు ఎక్కడిదాకా పోయేవో చూడాలి. అమెరికాలో రాక్‌ఫెల్లర్ 1870లో పెట్టిన స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ పెరిగింది కార్ల మీద కాదు, దీపాల మీద. మోటారు కార్ల కాలం అప్పటికింకా రాలేదు. ఆసియాలో కోట్లాది గుడిసెల దీపాలే దాని మార్కెట్. రష్యా బాకూ నూనెను సూయజ్ కాలవ గుండా ఓడల్లో తెచ్చి స్టాండర్డ్‌తో పోటీ పడటానికి 1892లో 'మ్యూరెక్స్' అనే ట్యాంకర్ ఓడ తూర్పుకు బయల్దేరింది. షెల్ కంపెనీ పుట్టుక కథ అదే. ఇటు బర్మాలో 1886లో స్కాట్లండు వర్తకులు బర్మా ఆయిల్ కంపెనీ పెట్టారు. అప్పుడు బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం, 1937 దాకా అట్లాగే ఉంది.

బర్మా అంటే తెలుగు కూలి జనానికి పరాయి దేశం కాదు. రంగూన్‌ని మనవాళ్ళు 'రంగం' అన్నారు. 'రంగం పోయాడు' అంటే ఊళ్ళో బతుకు తెల్లారక ఓడెక్కాడని. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్ళు తెలుగు కూలీలందర్నీ 'కోరంగీలు' అని పిలిచారు. గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి పోయిన ఈ జనంలో మాలలు, ఇతర కూలి కులాలవాళ్ళు చాలామంది. రేవులో మూటలు మోశారు, బియ్యపు మిల్లుల్లో, రిఫైనరీల్లో పనిచేశారు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే ఓడల కంపెనీలు బర్మా కూలీల్ని తెచ్చి పెట్టాయి. సమ్మె తీరాక వాళ్ళని తీసేశాయి. కూలీ మీద కూలీ తిరగబడ్డాడు, వందల మంది తెలుగువాళ్ళు చచ్చిపోయారు. చమురు కంపెనీల చరిత్ర పుస్తకాల్లో ఈ కూలీ పేరు ఉండదు. బర్మా నుంచి వచ్చిన నూనె మాత్రం కాకినాడ, మచిలీపట్నం రేవుల గుండా మళ్ళీ ఆ కూలీ పెళ్ళాం బుడ్డిలోకే చేరింది.

దానికి రేటు కట్టిన పద్ధతిని కాస్త నిలబడి చూడాలి. ఇప్పటి గొడవకి మూలం అక్కడే ఉంది.

1927లో న్యూయార్క్ స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ సోవియట్ రష్యా నుంచి కిరసనాయిలు కొని ఇండియాలో అమ్మటం మొదలుపెట్టింది. రష్యాలో తన బావుల్ని బోల్షివిక్కులు గుంజుకున్నారని షెల్ అధిపతి డెటర్డింగ్‌కి మంట. 'దొంగసొత్తు' అమ్ముతున్నారని ఇండియాలోనే రేట్లు తెగ్గొట్టి యుద్ధానికి దిగాడు. ఆ కొన్ని నెలలూ మన ఊళ్ళల్లో నూనె చవకైంది. ఆ యుద్ధం ప్రపంచమంతా పాకేసరికి కంపెనీలు కంగారుపడి 1928లో స్కాట్లండులోని అక్నకారీ కోటలో కూచుని రాజీ చేసుకున్నాయి. ఎవరి వాటా వాళ్ళది, ఒకరి మార్కెట్లోకి ఒకరు రాకూడదు. అదే ఏడు ఇండియాలో బర్మా ఆయిల్, షెల్ కలిసి అమ్మకాల కోసం 'బర్మాషెల్' పెట్టాయి. కొట్టుకుంటే చవక, కలిస్తే ప్రియం. బీదవాడికి లాభం కలిగింది కంపెనీల మధ్య పగ వచ్చినన్నాళ్ళే.

ఈ కాలంలోనే ఒక విచిత్రమైన లెక్క స్థిరపడింది. నూనె ఎక్కడ తీసినా సరే, అమెరికాలోని మెక్సికో సింధుశాఖ రేవులో ధర ఎంతో చూసి, అక్కడి నుంచి ఓడలో తెస్తే ఎంత కిరాయి అవుతుందో కలిపి, ఆ మొత్తాన్ని ధరగా కట్టటం. పక్క దేశం నుంచి వచ్చిన నూనెకి కూడా ఏడు సముద్రాలు దాటి వచ్చినట్టు కిరాయి వసూలు చేసేవాళ్ళు. రాని ఓడకి కట్టిన కిరాయి అంతా కంపెనీ లాభం. స్వతంత్రం వచ్చాక 1948 ప్రాంతంలో మన ప్రభుత్వం బర్మాషెల్‌తో చేసుకున్న ధరల ఏర్పాటు కూడా ఈ దిగుమతి ధర లెక్క మీదే నడిచింది. దీన్ని 'దిగుమతితో సమాన ధర' అని మర్యాదగా పిలుస్తారు. ఊళ్ళో ఆసామి ఇట్లాంటి లెక్క చేస్తే మనవాళ్ళు 'దొంగ పద్దు' అంటారు.

ఈ పద్దును ప్రశ్నించిన సందర్భం ఒకటుంది. 1960లో కె.డి. మాలవీయ సోవియట్ ముడిచమురు తక్కువ ధరకి దొరుకుతుంది తెస్తానంటే, ఇక్కడ రిఫైనరీలు పెట్టుకున్న విదేశీ కంపెనీలు మేం శుద్ధి చెయ్యం పొమ్మన్నాయి. మన నేల మీద, మన దగ్గర రాయితీలు తీసుకుని కట్టిన రిఫైనరీలు అవి. విశాఖపట్నంలో కాల్టెక్స్ 1957లో పెట్టిన రిఫైనరీ కూడా ఆ కోవలోదే. 1961లో దామ్లే కమిటీ, 1965లో తాలూక్దార్ కమిటీ, 1969లో శాంతిలాల్ షా కమిటీ ధరల్ని విచారించాయి. కొంత కొంత తగ్గించారు. 1973లో అరబ్బు దేశాల చమురు దిగ్బంధం వచ్చి ముడిచమురు ధర కొద్ది నెలల్లోనే నాలుగింతలైంది. 1974లో ఎస్సో, 1976లో బర్మాషెల్, ఆ వెంటనే కాల్టెక్స్ ప్రభుత్వం చేతికి వచ్చాయి. హిందుస్థాన్ పెట్రోలియం, భారత్ పెట్రోలియం అని పేర్లు మారాయి.

జాతీయం చెయ్యటం మంచి పనే. అంబేద్కర్ 1947లో రాజ్యాంగ సభ కోసం రాసిన 'స్టేట్స్ అండ్ మైనారిటీస్' మహజరులో కీలక పరిశ్రమలన్నీ ప్రభుత్వమే సొంతంగా నడపాలని అడిగాడు. అంతకుముందు వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరుగా విద్యుత్తు విధానం చూసినప్పుడు కూడా, కరెంటు చవగ్గా, పుష్కలంగా అందాలంటే అది ప్రైవేటు చేతుల్లో ఉండకూడదన్నదే ఆయన వాదం. ఐతే ఆ మహజరులోనే భూమి కూడా ప్రభుత్వానిదే కావాలని, కులం తేడా లేకుండా అందరికీ కౌలుకివ్వాలని అడిగాడు. మన పాలకులు మహజరులో సగం చింపి పెట్టుకున్నారు. కంపెనీ ప్రభుత్వానిదైంది, ఊరు మాత్రం ఊరిదే. ధర నిర్ణయించే చోటు ఢిల్లీకి వచ్చింది. కొలిచి పోసే చెయ్యి మారలేదు.

చౌకబియ్యం డీలరు

జాతీయం అయ్యాక కిరసనాయిలు చౌక డిపోల ద్వారా కార్డు మీద ఇవ్వటం మామూలైంది. కేంద్రం సబ్సిడీ, రాష్ట్రానికి కోటా, టోకు ఏజెంటు, డీలరు, కార్డు, చివరికి సీసా. ఈ వరసలో వాడవాళ్ళం చిట్టచివర ఉంటాం. డీలరు ఊరి పెద్ద మనిషో, పెద్ద మనిషికి కావలసినవాడో. నూనె వచ్చిన రోజు దండోరా ఉండదు. తెలిసి పరిగెత్తేసరికి 'అయిపోయింది, వచ్చే నెల రా' అంటాడు. లీటరు కొలతలో సొట్ట ఉంటుంది. అడిగితే కార్డు లాగేసుకుంటాడు. కూలి రేట్ల గొడవ జరిగిన నెలలో వాడకి నూనె రాకపోవటం యాదృచ్ఛికం కాదని వాడలో ప్రతివాళ్ళకీ తెలుసు.

మిగిలిన నూనె ఎక్కడికి పోయింది? డీజిల్లోకి పోయింది. బీదల కోసం చవగ్గా పెట్టిన కిరసనాయిలు డీజిల్లో కలిపితే లీటరుకి ఇంతని మిగులుతుంది. జాతీయ అనువర్తిత ఆర్థిక పరిశోధనా మండలి 2005లో చేసిన అధ్యయనం ప్రకారం చౌక డిపోల కిరసనాయిల్లో మూడో వంతు కంటే ఎక్కువ పక్కదారి పట్టింది. ఆ దారి మధ్యలో అడ్డం పడ్డవాళ్ళని చంపటానికి కూడా వెనకాడలేదు. 2005లో ఉత్తరప్రదేశ్‌లో కల్తీ పట్టుకున్న ఇండియన్ ఆయిల్ అధికారి మంజునాథ్‌ని కాల్చి చంపారు. 2011 జనవరిలో మహారాష్ట్ర మన్మాడ్ దగ్గర అదనపు కలెక్టర్ యశ్వంత్ సోనావణేని పట్టపగలు అదే నూనె పోసి తగలబెట్టారు.

ఆ మిగులు కంపెనీ పద్దులో ఎక్కడా కనపడదు. కంపెనీ తనకి 'నష్టం' అని చూపిస్తుంది, ప్రభుత్వం 'సబ్సిడీ' అని చూపిస్తుంది, లబ్ధిదారుడి గడిలో బీదవాడి పేరు రాస్తారు. బుడ్డిలోకి రాని నూనె కూడా మన పేరు మీదే ఖర్చు రాశారు. 'వీళ్ళకి సబ్సిడీలు ఇచ్చి ఇచ్చి దేశం దివాలా తీస్తోంది' అని 1991 తర్వాత చాలామంది ఆర్థికవేత్తలు రాశారు. రిజర్వేషన్ల మీద వాళ్ళు చేసే వాదనకీ దీనికీ పోలిక కనపడుతుంది. మనకి అందనిదాన్ని మన ఖాతాలో వేసి, తర్వాత దాన్ని చూపించి తిట్టటం.

బంకుల్లో, గ్యాసు ఏజెన్సీల్లో ఎస్సీ, ఎస్టీలకి రిజర్వేషన్ ఉంది కదా అంటారు. ఉంది, దాదాపు నాలుగో వంతు. కానీ బంకు పెట్టాలంటే రోడ్డు పక్క స్థలం కావాలి. రోడ్డు పక్క స్థలం ఎవరి చేతుల్లో ఉందో ఆంధ్ర దేశంలో బస్సెక్కిన ప్రతివాడికీ తెలుసు. పెట్టుబడి కావాలి, బ్యాంకు హామీ కావాలి. కంపెనీలే స్థలం, పెట్టుబడి సాయం ఇచ్చే స్కీములు పెట్టినా, బోర్డు మీద మన పేరు, గల్లాపెట్టె దగ్గర ఇంకో కులం మనిషి అనే ఏర్పాటు ఎన్నో చోట్ల నడిచింది. ఇక జనరల్ కోటా సంగతి సరేసరి. ఒక పెట్రోలియం మంత్రి తన ఇష్టాధికారం కింద పంచిపెట్టిన 15 బంకుల్ని సుప్రీంకోర్టు 1996లో రద్దు చేసింది. మెరిట్ గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్ళు ఈ బంకుల మెరిట్ గురించి మాట్లాడగా వినలేదు.

ఇంకొక సంగతి దాటేసి పోలేం. కిరసనాయిలు ఈ దేశంలో దీపానికే వాడలేదు. 1968 ఫిబ్రవరిలో కృష్ణాజిల్లా కంచికచర్లలో దొంగతనం నెపం పెట్టి కోటేశుని కట్టేసి కిరసనాయిలు పోసి తగలబెట్టారు. పార్లమెంటులో చర్చ జరిగింది. అదే ఏడు డిసెంబరు 25 రాత్రి తంజావూరు జిల్లా కీళ్‌వెణ్మణిలో కూలి పెంచమన్న నేరానికి ఒక గుడిసెలోకి దూరిన 44 మందిని, ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు, నిప్పు పెట్టి చంపారు. వాడవాడికి అరలీటరు పొయ్యటానికి లెక్కలు చూసే ఊళ్ళో, వాడని తగలబెట్టటానికి డబ్బాల కొద్దీ దొరుకుతుంది. మన పేరున వచ్చిన కోటా మన మీదికే వచ్చిన సందర్భాలు ఎన్నో ఎవరు లెక్కగట్టారు?

బుడ్డి వెలుగులోనే రాత్రిబడి నడిచిందన్నది కూడా అంతే నిజం. పగలంతా పాలేరుతనం చేసిన పిల్లలు లాంతరు చుట్టూ కూచుని అక్షరాలు దిద్దారు. మన మొదటి తరం టీచర్లు, గుమాస్తాలు, పాస్టర్లు చాలామంది పొగచూరిన ముక్కులతో చదువుకున్నవాళ్ళే. నూనె అయిపోతే చదువు ఆగేది. 2011 జనాభా లెక్కల నాటికి కూడా దేశంలో 31 శాతం ఇళ్ళకి కిరసనాయిలే దీపం. కాబట్టి డీలరు కొలతలో సొట్ట అంటే అది మన చదువులో సొట్ట.

కోనసీమ

చమురు కోసం దేశం పరాధీనమైందని అందరూ బాధపడతారు. దేశం గల్ఫ్ మీద ఆధారపడింది, నిజమే. కానీ మన నేల కిందే చమురు, గ్యాసు దొరికిన చోట కూలివాడి పరాధీనత ఏమైనా తగ్గిందా? గోదావరి పాయల మధ్య కోనసీమలో ఓఎన్‌జీసీ వచ్చి దశాబ్దాలైంది. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి పేలింది. మంట తాటిచెట్ల మీద, కొబ్బరి చెట్ల మీద ఆకాశంలోకి లేచింది. చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయించారు. విదేశాల నుంచి మంటలార్పేవాళ్ళు వచ్చి మార్చి 15కి గానీ ఆర్పలేకపోయారు. 65 రోజులు. ఆ వేడికి చెట్లు మాడాయి, చేలు ఎండాయి. నష్టపరిహారం లెక్కకి పట్టా అడుగుతారు, చెట్టు లెక్క అడుగుతారు. చెట్టెక్కి కాయ దించేవాడికి, డొక్క వలిచే ఆడమనిషికి, గట్టు మీద గుడిసె వేసుకున్నవాళ్ళకి చూపించటానికి ఏ కాగితం ఉంటుంది? రెండు నెలల కూలి పోయిందన్నది ఏ ఫారంలో రాస్తారు?

2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరంలో గెయిల్ పైపులైను పేలింది. తాటిపాక నుంచి కొండపల్లిలోని ఒక ప్రైవేటు కరెంటు కంపెనీకి గ్యాసు తీసుకుపోయే గొట్టం అది. టీకొట్టు పొయ్యి వెలిగించగానే, అప్పటికే రాత్రంతా కారి నేలమీద పరుచుకున్న గ్యాసు ఒక్కసారిగా అంటుకుంది. 20 మందికి పైగా కాలిపోయారు. పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో తేమ గ్యాసు పంపటం, గొట్టం లోపల తుప్పు, అంతకుముందే లీకులకి అతుకులు వేసి నెట్టుకురావటం విచారణలో బయటపడ్డాయి. తేమ తీసే యంత్రం పెట్టటానికి అయ్యే ఖర్చు లాభంలోంచి తగ్గుతుంది. పెట్టకపోతే తగ్గేది మనుషులు.

ఆ ముందు సంగతి 1997 సెప్టెంబరు 14న విశాఖ రిఫైనరీలో జరిగింది. గ్యాసు కారి అంటుకుని సుమారు 60 మంది చనిపోయారు. పర్మనెంటు ఉద్యోగి అయితే పేరు, నంబరు ఉంటాయి. కాంట్రాక్టు కూలి అయితే ఆ రోజు పనికొచ్చాడా లేదా అన్నదగ్గరే తగాదా మొదలవుతుంది.

ఇక సముద్రంలో గ్యాసు. కృష్ణా గోదావరి బేసిన్లో రిలయన్స్‌కి 2002లో దొరికింది, 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. కాకినాడ నుంచి గుజరాత్ భరూచ్ దాకా దాదాపు 1,400 కిలోమీటర్ల గొట్టం. ప్రభుత్వం 2007లో ఒప్పుకున్న ధర యూనిట్‌కి 4.20 డాలర్లు. గోదావరి గ్యాసుకి డాలర్లలో ధర ఏమిటని అప్పుడు చాలామంది అడిగారు. మెక్సికో సింధుశాఖ లెక్క మనకి కొత్త కాదు గనక ఆశ్చర్యపోనక్కర్లేదు. 2010 తర్వాత ఉత్పత్తి పడిపోయింది. ఖర్చులు ఎట్లా చూపించారన్న దాని మీద కాగ్ 2011లో తప్పులు పట్టింది. మన గ్యాసు మనకే అని రాజకీయ పార్టీలన్నీ గొంతు చించుకున్నాయి. 'మనకి' అంటే మూతపడ్డ ప్రైవేటు విద్యుత్ ప్లాంట్లకి. గ్యాసు దొరికిన ఊళ్ళల్లో కంప పొయ్యి ఊదుకుంటున్న ఆడవాళ్ళు ఆ 'మన'లోకి ఎట్లా వస్తారో ఏ పార్టీ చెప్పలేదు. ఆ జిల్లాకి 2022లో అంబేద్కర్ పేరు పెడతామనేసరికి మే 24న అమలాపురంలో ఇళ్ళే తగలబడ్డాయి. నేల కింద గ్యాసుకన్నా నేలమీద మండేది ఎక్కువని ఆ రోజు దేశమంతా చూసింది.

పుల్లల లెక్క

వంట చెరుకు గురించి మన ఉద్యమ సాహిత్యంలో కూడా తక్కువే రాశారు. ఆడవాళ్ళ పని కాబట్టి చరిత్ర కాదనుకున్నారేమో. భూమి లేనివాళ్ళకి పుల్ల కూడా లేదు. గట్టు మీద కంప ఆసామిది. పిడక చెయ్యాలంటే పేడ కావాలి, పేడ పశువుగలవాడిది. ఆ పశువుల్ని కాసేది మన పిల్లలే అయినా సరే. పోరంబోకులు, బంజర్లు ఉన్నన్నాళ్ళు సర్కారు తుమ్మ కొట్టుకుని బతికారు. అవీ ఆక్రమణలై, చెరువులై, ప్లాట్లై పోయాయి. ఊరు వాడని వెలేసినప్పుడు మొదటి రోజు చెప్పే మాటల్లో ఒకటి 'మా చేలో అడుగు పెట్టొద్దు' అని. అంటే కూలి పోవటం ఒక్కటే కాదు, ఆ పూట పొయ్యిలోకి పుల్ల లేకపోవటం కూడా. బహిర్గమనానికి వెళ్ళే గట్టు, పుల్ల ఏరుకునే గట్టు ఒకటే. ఆ గట్టు మీద మన ఆడపిల్లలకి ఏం జరిగేదో చెప్పటానికి ఇంకా పూర్తిగా నోళ్ళు లేవలేదు.

కాబట్టి గ్యాసుబండ వాడలోకి రావటాన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు. 1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం పథకం కింద డ్వాక్రా ఆడవాళ్ళకి కనెక్షన్లు ఇచ్చింది. ఓట్ల కోసమా, ప్రపంచ బ్యాంకు మెప్పు కోసమా అన్నది వేరే చర్చ. కొనగలిగినన్నాళ్ళు అది ఆసామి గట్టు నుంచి విడుదల. మన కమ్యూనిస్టు మిత్రులు 'వినియోగదారీ సంస్కృతి' అని కొట్టిపారేసినప్పుడు నాకు ఒళ్ళు మండింది. పొగలో కళ్ళు పోగొట్టుకున్నది వాళ్ళ అమ్మలు కాదు. కానీ కనెక్షన్ ఉచితం, బండ ఉచితం కాదు. 2016 మే 1న మొదలైన ఉజ్వలలోనూ ఇదే కథ. కోట్ల కనెక్షన్లు ఇచ్చారు. 2019లో వచ్చిన కాగ్ రిపోర్టు చూస్తే ఉజ్వల ఇళ్ళు ఏడాదికి సగటున మూడు బండలకి కాస్త పైన మాత్రమే తెచ్చుకున్నాయి. మిగతా నెలలు మళ్ళీ గట్టు మీదే. ఆసామి మీద ఆధారపడటం పోలేదు, దాని పక్కన కంపెనీ మీద ఆధారపడటం వచ్చి చేరింది. కూలి పడ్డ వారం కంపెనీ, పడని వారం ఆసామి.

2010 జూన్‌లో పెట్రోలు ధర మీద ప్రభుత్వం చెయ్యి తీసేసింది. 2014 అక్టోబర్లో డీజిల్ మీద తీసేసింది. 2017 జూన్ నుంచి రోజూ రేటు మారటం మొదలైంది. అంతకుముందు దశాబ్దమంతా కంపెనీలు 'అండర్ రికవరీ' అనే మాట జపించాయి. 2012-13లో ఆ అండర్ రికవరీ 1,61,000 కోట్లన్నారు. వినేవాడికి అంత నష్టం వచ్చిందనిపిస్తుంది. అది నష్టం కాదు. దిగుమతి ధర ప్రకారం అమ్మితే రావలసినదానికీ, అమ్మినదానికీ తేడా. దాన్ని ప్రభుత్వం, ఓఎన్‌జీసీ లాంటి సంస్థలు చాలావరకు పూడ్చాయి. ఆ ఏడాదీ ఇండియన్ ఆయిల్ లాభంలోనే ఉంది. 1928 నాటి రాని ఓడ కిరాయి పద్దు ప్రభుత్వ రంగంలో కూడా చావలేదు.

2014 తర్వాత ముడిచమురు ధర సగానికి పైగా పడిపోయినప్పుడు ఆ తగ్గుదల జనానికి ఇవ్వలేదు. ఎక్సైజు సుంకం మీద సుంకం వేసుకుంటూ పోయారు. 2020 మే నెలలో లాక్‌డౌన్లో వలస కూలీలు రోడ్ల మీద నడుస్తున్న వారాల్లోనే పెట్రోలు మీద లీటరుకి 10, డీజిల్ మీద 13 రూపాయలు పెంచారు. లీటరు పెట్రోలు మీద కేంద్ర సుంకమే 32 రూపాయలు దాటింది. 2022-23లో కంపెనీలు దెబ్బతిన్నాయి, హిందుస్థాన్ పెట్రోలియం దాదాపు 9 వేల కోట్ల నష్టం చూపించింది, అదీ చెప్పాలి. కానీ 2023-24లో ఇండియన్ ఆయిల్‌కి 39,000 కోట్ల పైన, భారత్ పెట్రోలియంకి 26,000 కోట్ల పైన, హిందుస్థాన్ పెట్రోలియంకి 14,000 కోట్ల పైన లాభం వచ్చింది. మూడూ కలిపితే దాదాపు 81,000 కోట్లు. ఎన్నికల ముందు లీటరుకి రెండు రూపాయలు తగ్గించారు.

ఈ మధ్యలోనే కిరసనాయిలు చచ్చిపోయింది. 2016 నుంచి నెలకింత, పక్షానికింత అని పావలా పావలా పెంచుతూ 2020 మార్చి నాటికి చౌక డిపో కిరసనాయిలు మీద సబ్సిడీ పూర్తిగా తీసేశారు. పావలా పెరిగితే ఎవరూ అరవరని వాళ్ళకి తెలుసు. అదే 2020 మే నుంచి గ్యాసు సబ్సిడీ చాలాచోట్ల జమ కావటం ఆగిపోయింది. 2022లో ఉజ్వల వాళ్ళకి బండకి 200, 2023లో 300 అని మళ్ళీ ఇచ్చారు. కిరసనాయిలు పోయినందుకు ఒక పేపరు కూడా మొదటి పేజీలో 'ప్రజల ఆగ్రహం' అని రాయగా చూడలేదు. ఆ నూనె కొనేవాళ్ళు ఆ పేపరు కొనరు.

డీజిల్ సంగతి కూడా వాడ వైపు నుంచి వేరేగా ఉంటుంది. చవక డీజిల్ మీద ట్రాక్టరు, వరికోత మిషను వచ్చి మన కూలి రోజుల్ని మింగాయి. పొలం పని పోయిన కుర్రాళ్ళు ఎస్సీ కార్పొరేషన్ లోనో ఫైనాన్సో తీసుకుని ఆటోలు కొన్నారు. డీజిల్ ప్రియమైతే ఆసామి ధాన్యం ధరలో రాబట్టుకుంటాడు, లారీ ఓనరు కిరాయిలో కలుపుతాడు. ఆటో కుర్రాడు ఎవరి మీద వేస్తాడు? ఎక్కేవాళ్ళు కూడా కూలికి పోయే మన ఆడవాళ్ళే. చవకైనప్పుడు మన పని పోయింది, ప్రియమైనప్పుడు మన కిస్తీ ఆగింది. చమురు ధరల మీద ఉమ్మడి ఉద్యమం చేద్దాం రమ్మని ట్రాక్టరు ఓనర్లు, లారీ ఓనర్లు పిలిస్తే పోవచ్చు. పొయ్యేముందు కూలి రేటు, వెలి, గట్టు మీద పుల్ల కూడా డిమాండ్లలో రాయమనాలి. రాయకపోతే అది వాళ్ళ ఉద్యమం.

పరిశోధక విద్యార్థులకి ఇక్కడ చాలా పని ఉంది. మండలం మండలానికి రిజర్వు బంకులు, ఏజెన్సీల జాబితా సమాచార హక్కు కింద తీసుకుని, బోర్డు మీద పేరుతో పాటు గల్లా దగ్గర ఎవరున్నారో రాయాలి. పాశర్లపూడి పరిహారం జాబితాల్లో పట్టా లేని పేరు ఒక్కటైనా ఉందేమో వెతకాలి. పాత కార్డుల్లో కిరసనాయిలు గడి ఖాళీగా ఉన్న నెలల్ని ఆ ఊళ్ళో కూలి గొడవలు జరిగిన నెలలతో పోల్చాలి. ఉజ్వల పుస్తకాల్లో బండ తెచ్చుకున్న తేదీలు ఉంటాయి. ఆ తేదీల పక్కన ఆ ఇంట్లో ఆడవాళ్ళకి పని దొరికిన రోజులు, ఉపాధి హామీ డబ్బు పడ్డ రోజులు వేసి చూడాలి.